హన్నా చెప్పని పేరు

చెప్పలేదు, మూడుసార్లు అడిగారట, మూడుసార్లూ చెప్పలేదు, ఇద్దరు న్యాయాధికారులు బల్ల వెనక కూర్చుని, నిండు కడుపుతో ఉన్న మనిషిని ఫిబ్రవరి చలిలో ఎదురుగా నిలబెట్టి, బిడ్డ తండ్రి ఎవరో చెప్పు అని గద్దించినా చెప్పలేదు, ఇరవై రెండేళ్ల పిల్ల, మేజోళ్లు అల్లి అమ్ముకుని బతికే పిల్ల, ఎంత గుండె ఉండాలి, బస్సు టిక్కెట్టు రెండుసార్లు కింద పడేశాను, డ్రైవరు నవ్వి ఏం లినెట్, పొద్దున్నే పబ్బుకి గానీ వెళ్లొచ్చావా అన్నాడు, లేదయ్యా రికార్డు ఆఫీసుకి వెళ్లొచ్చాను అంటే, అక్కడ కూడా పోస్తున్నారా ఏంటి అని బస్సంతా వినపడేలా అడిగాడు, పోశారు, నిజంగానే పోశారు, తొమ్మిదేళ్ల దాహం తీరేలా పోశారు, ముప్ఫై ఒక్క ఏళ్లు ఈ లోయలో ఇంటింటికీ ఉత్తరాలు పంచినదాన్ని, వానలో, మంచులో, కుక్కలు వెంటపడుతున్నప్పుడు కూడా ఒక్క కవరు జారనివ్వనిదాన్ని, ఈ చిన్న కాగితం ముక్క నా వేళ్ల మధ్య నిలవడం లేదు, పదకొండు యాభై అయింది, బస్సు లోయ పైకి చేరేసరికి ఒకటిన్నర, రెండు గంటలకి ఊరి హాల్లో సభ, త్రాస్‌గిల్ అనే ఇంటిపేరు ఉన్నవాళ్లందరూ మొట్టమొదటిసారి ఒకచోట కలిసే సభ, నలభై ఆరు మంది వస్తామన్నారు, వాళ్ల ముందు మా విల్ఫ్ బాబాయ్ నిలబడి, ఆరువందల ఏళ్లుగా తండ్రి నుంచి కొడుక్కి తెగకుండా వచ్చిన పేరు మనది అని ఉపన్యాసం ఇవ్వబోతున్నాడు, ఆ ఉపన్యాసం నెల రోజులుగా అద్దం ముందు చదువుకుంటున్నాడు, నా ఫోనులో ఉన్న ఈ ఒక్క ఫొటో చాలు అందులో మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా అబద్ధం చెయ్యడానికి.

మళ్లీ చూసుకున్నాను, ఉంది, ఎక్కడికీ పోలేదు, గోధుమరంగు కాగితం, మడతల దగ్గర చిరిగిన కాగితం, అసలు అక్కడ ఉండాల్సిందే కాదు, వంతెన మరమ్మతుల కాగితాల కట్టలో ఉంది, ఎవరు ఎప్పుడు పెట్టారో, పొద్దున అక్కడ పనిచేసే రొవీనా ఆ కట్ట తెచ్చి నా ముందు పెట్టి, ఇందులో రాళ్ల లెక్కలు తప్ప ఏమీ ఉండవు లినెట్, అయినా మిగతావన్నీ నువ్వు చూసేశావుగా అంది, పాపం ఆ అమ్మాయి తొమ్మిదేళ్లుగా నాకు కట్టలు మోస్తూనే ఉంది, నేను మొదటిసారి వెళ్లినప్పుడు కొత్తగా చేరింది, ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి, సున్నం, రాళ్లు, కమ్మీలు, మళ్లీ సున్నం, విసుగ్గా తిప్పుతున్నాను, సగం మనసు శాండ్‌విచ్‌ల మీద ఉంది, బ్రెడ్డు సరిపోతుందా అని, అప్పుడు తగిలింది, ఆ పేరే తగిలింది ముందు, నా ఇంటిపేరు ఎక్కడున్నా నా కంటికి అది మిగతా పేజీ కంటే నల్లగా కనిపిస్తుంది, 1790, ఫిబ్రవరి పదకొండు, హన్నా త్రాస్‌గిల్, కీర్తిశేషుడు జాన్ కూతురు, పెళ్లి కాలేదు, మేజోళ్లు అల్లుకుని బతుకుతోంది, గర్భవతి, తండ్రి పేరు చెప్పమని మూడుసార్లు అడిగాము, చెప్పనంటోంది, బిడ్డ తనదే అంటోంది, తన పేరే పెట్టుకుంటానంటోంది, చెప్పేదాకా ఊరి ధర్మనిధి నుంచి ఏ సాయమూ ఇవ్వరాదని ఉత్తరువు, కింద వేరే సిరాతో, ఏప్రిల్ తొమ్మిది, మగబిడ్డ, విలియం, తల్లి ఇంటిపేరే, అంతే, నేను లేచి నిలబడ్డాను, కుర్చీ వెనక్కి పడింది, ఆ నిశ్శబ్దంలో అందరూ తలలెత్తి చూశారు, రొవీనా పరుగున వచ్చి ఏమైంది, ఒంట్లో బాగాలేదా అని గుసగుసగా అడిగితే, విలియం దొరికాడు అన్నాను, గుసగుసగా అనాలనుకున్నాను, అరిచానట, విలియమా, వాళ్ల నాన్న దొరికాడా అంది, లేదు రొవీనా, వాళ్లమ్మ దొరికింది అని ఆ పిల్లను గట్టిగా వాటేసుకున్నాను, ఆ గదిలో నవ్వడానికి కూడా అనుమతి అడగాలన్నట్టు ఉంటుంది, ఇద్దరం నోళ్లు మూసుకుని భుజాలు కదిలేలా నవ్వుకున్నాం.

కాగితం అడుగున ఆమె సంతకం, అది చూసి నవ్వు ఆగిపోయింది, చదువు రానివాళ్లు అడ్డగీత, నిలువుగీత పెట్టి వదిలేసేవాళ్లు, ఈమె అక్షరాలు రాసింది, హన్నా అని కాదు, ఇంటిపేరు మాత్రమే, ఒక్కో అక్షరం ఒక్కో రాయిలా విడివిడిగా, గోడ కట్టినట్టు, పైన గుమాస్తా రాసిన స్పెల్లింగు వేరు, ఈమె రాసినది వేరు, ఈమె రాసిందే ఈరోజు మేం రాసేది, నూట పందొమ్మిది మందిమి బతికున్నాం ఈ పేరుతో, మా బ్యాంకు పుస్తకాల్లో, మా సమాధుల మీద, మా తలుపుల మీద ఉన్న స్పెల్లింగు ఆమెది.

త్రాసిల్ అంటే పిట్ట, పొద్దున్నే ఒకే పాట రెండేసిసార్లు పాడే మచ్చల పిట్ట, గిల్ అంటే కొండ చీలికలో పారే సెలయేరు, ఆ రెండో మాట వెయ్యేళ్ల కిందట సముద్రం దాటి వచ్చినవాళ్లు ఇక్కడ వదిలిపెట్టినది, ఆ సెలయేటి పక్కన ఒక ఇల్లు, ఆ ఇంట్లో ఉన్నవాడికి ఆ పేరు, ఆరువందల ఏళ్ల కిందటి పన్నుల జాబితాలో పిట్టలవాగు జాన్ అని కనిపిస్తాడు, అదే మొదలు, ఇంతకు మించి ఇంటిపేరుకి అర్థం ఏముంటుంది, ఇల్లే పేరైంది, ఇప్పుడు ఆ ఇల్లు రెండు గోడలు, పైకప్పు లేదు, లోపల గొర్రెలు పడుకుంటాయి, కానీ పేరు మాత్రం నడిచింది, నాకు ఉత్తరాలు పంచే అలవాటు కదా, మ్యాపు మీద గుండుసూదులు గుచ్చడం మొదలుపెట్టాక ఆగలేకపోయాను, 1881 జనాభా లెక్కల్లో యాభై ఏడు మంది, ఆరుగురు తప్ప అందరూ ఆ గోడల నుంచి పొద్దున బయల్దేరితే భోజనం వేళకి నడిచి చేరేంత దూరంలోనే, ఆ తర్వాత సీసం గనులు మూతపడ్డాయి, మ్యాపు మీద చూస్తే పగిలిన గిన్నెలోంచి బఠానీలు దొర్లినట్టు, కొందరు బొగ్గు గనులకి, కొందరు బ్రాడ్‌ఫర్డ్ మిల్లులకి, ఒక గుంపు మొత్తం సండర్‌లాండ్ ఓడల కార్ఖానాలకి, ఇప్పుడు స్వాన్సీలో పళ్ల డాక్టరు, షెట్లాండ్‌లో పడవ నడిపే ఆవిడ, లండన్‌లో ఇద్దరు, రెండు వీధుల ఎడంలో ఉంటారు, ఒకే దుకాణంలో పాలు కొంటారు, ఒకరున్నట్టు ఇంకొకరికి నేను రాసేదాకా తెలియదు, ఈరోజు ఇద్దరూ ఒకే కారులో వస్తున్నారు, లోయలో మాత్రం ఒక్కడే మిగిలాడు, విల్ఫ్ బాబాయ్, ఎనభై మూడేళ్లు.

ఇన్ని సూదుల మధ్య ఒక్క కన్నం ఉండేది, ఆ కన్నమే తొమ్మిదేళ్లు నన్ను తినేసింది, 1788లో ఈ హన్నా వాళ్ల నాన్న జాన్ త్రాస్‌గిల్‌ని పూడ్చిపెట్టారు, ముగ్గురూ ఆడపిల్లలే, కొడుకులు లేరు, చర్చి పుస్తకాలు నాలుగు ఊళ్లవి తిరగేశాను, ఆ పేరుతో ఇంకో మగవాడు లేడు, పేరు అక్కడితో ఆరిపోవాలి, కానీ 1812లో గాలిలోంచి ఊడిపడ్డట్టు విలియం త్రాస్‌గిల్ పెళ్లి చేసుకున్నాడు, పదకొండు మంది పిల్లల్ని కన్నాడు, నూట పందొమ్మిది మందిమీ వాడి సంతానమే, ఎవడీ విలియం, ఎవరి కొడుకు, బాబాయ్‌ని అడిగితే, జాన్‌కి కొడుకు పుట్టే ఉంటాడు పిల్లా, ఆ పేజీ చెమ్మకి పుచ్చిపోయి ఉంటుంది, మా లోయలో చెమ్మ నీకు కొత్తా అనేవాడు, అంత ధీమాగా అనేవాడు కాబట్టి నేనూ పుచ్చిపోయిన పేజీ కోసమే వెతికాను, ఒక మగవాడి కోసం వెతికాను, అబ్బా, ఎన్ని శనివారాలు.

ఆనందం పట్టలేక పక్క సీట్లో ఉన్న పెద్దావిడకి చెప్పేశాను, ఎవరో కూడా తెలియదు, ఒళ్లో టమాటా నారు పెట్టె పెట్టుకుని కూర్చుంది, పెళ్లి కాకుండానే బిడ్డని కనిందండీ, వాడికి తన పేరే పెట్టుకుందండీ అన్నాను, ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని, అయ్యో, నీ కూతురా అంది, కాదండీ, మా ముత్తాతల ముత్తాత వాళ్లమ్మ అన్నాను, ఎప్పుడూ అంది, పదిహేడువందల తొంభైలో అన్నాను, ఆవిడ కాసేపు ఆలోచించి, మరయితే ఇప్పుడు నువ్వేం చెయ్యగలవు తల్లీ, జరిగిందేదో జరిగిపోయింది, మనసు గట్టి చేసుకో అని, పెట్టెలోంచి ఒక నారు మొక్క తీసి తడిగుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టింది, ఇంత నవ్వు నేను మా ఆయన కోలిన్ పోయాక నవ్వలేదు, ఆరేళ్లయింది, కోలిన్ ఉంటే ఈ బస్సు అవసరం ఉండేది కాదు, తనే వచ్చి రికార్డు ఆఫీసు బయట కారులో కునుకు తీస్తూ ఉండేవాడు, దొరికాడా మీవాడు అని అడిగేవాడు ప్రతిసారీ, మీవాడు అనేవాడు, మనవాడు అనేవాడు కాదు, ఎందుకంటే పెళ్లయిన రోజు నుంచి నేను సగ్డెన్‌ని, లినెట్ సగ్డెన్, ఈ పిచ్చి మొదలైంది కూడా అలాగే, తొమ్మిదేళ్ల కిందట నా సంచిలో ఒక కవరు వచ్చింది, పైన త్రాస్‌గిల్ కుటుంబంలో ఎవరికైనా అని, కింద లోయ పేరు, అంతే, నేను పుట్టినప్పటి పేరు, కానీ రూలు ప్రకారం నా ఉత్తరం కాదు, తీసుకెళ్లి బాబాయ్ చేతికిచ్చాను, ఆయన చింపి చదివి, సండర్‌లాండ్ నుంచి ఎవరో కెల్విన్ అట, వెల్డింగ్ పని చేస్తాడట, మనవాళ్లు సండర్‌లాండ్‌లో ఎందుకుంటారు అని పొయ్యి పక్కన పుల్లల బుట్టలో పడేశాడు, నేను తీసుకున్నాను, నీకెందుకే అది, నువ్వు చర్చిలో ఇచ్చేశావుగా ఆ పేరు అన్నాడు, నవ్వుతూనే అన్నాడు, ఆ నవ్వు ఇంకా నాకు గుచ్చుకుంటూనే ఉంది.

అదిగో, వంపు తిరిగితే చర్చి గోపురం కనిపిస్తుంది, ఈ వార్త బాబాయ్‌కి ఎలా చెప్పను, ఆరడుగుల గుడ్డ మీద తన చేత్తో వంశవృక్షం వేశాడు, చలికాలమంతా వేశాడు, మొదట్లో పిట్టలవాగు జాన్, కొమ్మల నిండా మగవాళ్లు, మరి ఆడపిల్లలేరి బాబాయ్ అంటే, వేశానుగా, అవిగో ఆకులు అన్నాడు, ఆకుల మీద పేర్లు లేవేం అంటే, రాలిపోయేవాటికి పేర్లెందుకే, కోపమొద్దు, చెట్టు పద్ధతి అది అన్నాడు, నాన్న పోయాక నన్ను స్కూలు మానెయ్యకుండా చూసింది ఈయనే, పోస్టాఫీసులో ఆడవాళ్లకి బరువు సంచి ఇవ్వం అంటే వెళ్లి బల్ల గుద్ది, మా పిల్ల మీ అందరికంటే గట్టిగా నడుస్తుంది అన్నదీ ఈయనే, ఆ మనిషినే ఇప్పుడు, నలభై ఆరు మంది ముందు, నీ ముత్తాత వాళ్ల తాత అక్రమ సంతానం అని, వద్దు, సభ అయ్యాక చెబుదాం, ఉపన్యాసం ఇచ్చుకోనీ, కేకు తిననీ, సాయంత్రం ఇంటి దగ్గర మెల్లగా, కానీ అప్పటికి ఈ నలభై ఆరు మందీ తప్పు కథ వెంటపెట్టుకుని వెళ్లిపోతారు, స్వాన్సీకి ఒకటి, షెట్లాండ్‌కి ఒకటి, నేను పంచిన తప్పు ఉత్తరాల్లా, హన్నా మూడుసార్లు నోరు మూసుకుంది ఆ అబ్బాయికి ఒక పేరు ఉండాలని, నేను ఇప్పుడు నోరు మూసుకుంటే, లేదు, చెప్పాలి, ఉపన్యాసానికి ముందే చెప్పాలి, ఒకటీ ముప్ఫై నాలుగు, కాస్త తొక్కవయ్యా బాబూ.

హాలు గుమ్మం దగ్గరే హోరు వినిపించింది, లోపలికి అడుగుపెట్టి ఆగిపోయాను, దేవుడా, ఒకే ముక్కు, నలభై ఆరు మొహాల మీద సగానికి సగం అదే ముక్కు, చివర కొంచెం ఎడమకి తిరిగి ఉండే మా నాన్న ముక్కు, నేను కాగితాల్లో చూసిన పేర్లకి కాళ్లూ చేతులూ వచ్చి కప్పులు పట్టుకుని తిరుగుతున్నాయి, నువ్వేనా లినెట్ అని ఒకరు, నీ చేతిరాత చూసి ఇంకా పెద్దదానివనుకున్నాను అని ఒకరు, సండర్‌లాండ్ కెల్విన్ పీపాలా ఉన్నాడు, నన్ను నేల మీద నుంచి లేపి కిందకి దింపి, అక్కా, తొమ్మిదేళ్ల కిందట నా ఉత్తరం పుల్లల బుట్టలోంచి తీశావు చూడు, నీకు జీవితాంతం ఫ్రీగా వెల్డింగ్ అన్నాడు, లండన్ ఇద్దరూ అప్పుడే పోట్లాడుకుంటున్నారు ఏ రోడ్డు దగ్గరా అని, కిటికీ పక్క బల్ల మీద నా మ్యాపు, దాని పక్కన నా కార్డుల పెట్టె, షూ పెట్టె అంత, ఒక్కో మనిషికి ఒక్కో కార్డు, మూడువందల డెబ్భై కార్డులు, అందరూ తమ కార్డు వెతుక్కుని ఫొటోలు తీసుకుంటున్నారు, ప్రతివాళ్ల చొక్కాకీ పేరు చీటీ, వేదిక మీద బాబాయ్, నల్ల కోటు వేసుకుని, చెట్టు గుడ్డ ముడతలు సరిచేసుకుంటూ, నన్ను చూసి చెయ్యూపి, ఆలస్యం చేశావేమే, మొదలెట్టనా అని అరిచాడు, ఆగు బాబాయ్, ఒక్క నిమిషం, వంటగదిలోకి రా అన్నాను, వంటగదిలో నాకేం పని, అల్లం వేయమంటావా కేకులో అంటూనే దిగి వచ్చాడు.

వంటగదిలో మా టెస్సా శాండ్‌విచ్‌లు కోస్తోంది, నా కూతురు, లీడ్స్ నుంచి తెల్లారే కారేసుకుని వచ్చింది నాకు సాయానికి, మమ్మల్ని చూసి ఏంటమ్మా, ఆ మొహం ఏంటి, ఆ టమాటా మొక్క ఏంటి అంది, బాబాయ్‌ని పాల డబ్బాల పెట్టె మీద కూర్చోబెట్టాను, మోకాళ్ల మీద కూర్చుని చెప్పాను, గబగబా చెప్పాను, వంతెన కాగితాలు, ఫిబ్రవరి, మూడుసార్లు, ఏప్రిల్, విలియం, చెప్పేటప్పుడు నా గొంతు సంతోషంతో పైకి పోతోంది, ఆపుకోలేకపోయాను, ఆయన మొహం మాత్రం కదల్లేదు, టెస్సా కత్తి కింద పెట్టేసింది, చివరికి ఆయన, అంటే మనం తండ్రెవరో తెలియనివాడి సంతానం అంటావు అన్నాడు, తల్లెవరో తెలిసినవాడి సంతానం బాబాయ్ అన్నాను, ఆయన కుడి చెయ్యి ఎడమ చేతిని రుద్దుతోంది, మా నాన్నకీ ఆ అలవాటే, నేను తప్పు చేశానా, ఈ మనిషిని విరిచేశానా, గోడ అవతల అంతమంది నవ్వుతున్నారు, ఆయన చదువు అన్నాడు, చదివాను, మళ్లీ చదువు అన్నాడు, ఆ అన్న మాట చదువు, బిడ్డ తనదే అంటోంది, తన పేరే పెట్టుకుంటానంటోంది, ఇద్దరు దొరల ముందా అన్నాడు, అవును బాబాయ్, మరి తిండెలా, సాయం ఆపేశారన్నావుగా అన్నాడు, తెలీదు, మేజోళ్లు అల్లుకునే ఉంటుంది, చలికాలం, పాలు తాగే పిల్లాడు, ఒంటి చేతుల మీద అన్నాను, ఆయన కళ్లజోడు తీసి కోటు అంచుతో తుడుచుకుంటూ, మొండి ముండ అన్నాడు, అంత ముద్దుగా ఆ మాట నేనెప్పుడూ వినలేదు, అచ్చం మా అమ్మమ్మలా అనబోయి, కాదు కాదు, అచ్చం నీలా అన్నాడు, టెస్సా ఫక్కున నవ్వింది, ఆయన వేలు చూపించి, నవ్వకు, నీలా కూడా అన్నాడు, ఇంతకీ ఆ సన్నాసి ఎవడై ఉంటాడు అని నేను అంటే, ఎవడైతే మనకేంటే, కాల్వర్ట్‌ల వాడు మాత్రం కాకూడదు, ఆ గోడ జరిపినవాళ్ల కంటే మా పొట్టేలు నయం అని లేచి నిలబడ్డాడు, పక్క పొలంవాళ్లతో ఆ యాభై ఏళ్ల గోడ తగాదా ఆయనకి ప్రాణంతో సమానం, నాకు ఏడుపు, నవ్వు కలిసిపోయి వెక్కిళ్లు వచ్చాయి.

వేదిక ఎక్కుతాడనుకున్నాను, ఎక్కలేదు, తిన్నగా కిటికీ పక్క బల్ల దగ్గరికి పోయాడు, ఆ పిల్ల కార్డు ఉంటుందిగా నీ పెట్టెలో, చూడాలి, ఎక్కడుంటుంది అన్నాడు, ఉంటుంది బాబాయ్, జాన్ కూతుళ్లు ముగ్గురివీ ఉంటాయి అన్నాను గర్వంగా, నీ చెట్టులో ఆకులకి పేర్లు లేవు కానీ నా పెట్టెలో ప్రతి ఆడపిల్లకీ కార్డుంది అని అనలేదు గానీ నా మొహం అదే అంటోంది, ఆయన లావుపాటి వేళ్లతో ఒక్కో కార్డూ తిప్పి హన్నాది బయటికి లాగాడు, చెవుడు కదా, ఆయన మెల్లగా చదవడమంటే హాలంతా వినపడటమే, హన్నా, జాన్ మూడో కూతురు, జననం 1768, పెళ్లి కాలేదు, శాఖ ఇక్కడితో సమాప్తం, అని చదివాడు, తలెత్తి, ఇది ఎవరు రాశారే అన్నాడు, అది నా పెన్సిలు, నా గుండ్రటి అక్షరాలు, చివర గట్టిగా ఒత్తి గీసిన గీత కూడా నాదే, తొమ్మిదేళ్ల కిందట, మొదటి వారంలోనే రాశాను, ఒక్క క్షణం ఆలోచించకుండా రాశాను, ఆ కార్డు ఈ తొమ్మిదేళ్లూ నా చేతి కిందే ఉంది, నేను విలియం కోసం పెట్టెలో వెతికిన ప్రతిసారీ నా బొటనవేలు దాన్ని దాటుకుంటూ పోయింది, పెళ్లి కాని ఆడది, అయిపోయింది, పక్కకి తిప్పు, పుచ్చిపోయిన పేజీ లేదు, చెమ్మ లేదు, కన్నం లేనే లేదు, నేనే రాశాను బాబాయ్ అన్నాను, చుట్టూ అందరూ వింటున్నారు, ఇప్పుడంటాడు, ఇన్నేళ్లూ నన్ను దెప్పావుగా అంటాడు అనుకున్నాను, ఆయన కార్డుని నా చేతిలో పెట్టి, నేను గుడ్డ పాడుచేశాను, నువ్వు కార్డు పాడుచేశావు, పద, నాకు చెట్టు మళ్లీ వెయ్యాల్సిన పని పడింది, నీది రబ్బరుతో పోయేదే కదా అని భుజం మీద తట్టి వేదిక మెట్లెక్కాడు, నెల రోజులు చదువుకున్న కాగితాల్ని నాలుగు మడతలు పెట్టి జేబులో తోసేసి, మీరంతా ఇంత దూరం వచ్చారు కాబట్టి అసలు సంగతి చెబుతాను, మనం ఒక ఆడమనిషి సంతానం, ఆవిడ పేరు హన్నా, ఆవిడని మూడుసార్లు అడిగారు అని మొదలుపెట్టాడు.

కెల్విన్ చప్పట్లు మొదలుపెడితే హాలు కప్పు అదిరింది, ఎవరో ఈల వేశారు, షెట్లాండ్ ఆవిడ కళ్లు తుడుచుకుంటోంది, పళ్ల డాక్టరు పక్కవాడిని కుదిపి మూడుసార్లట, మూడుసార్లూ చెప్పలేదట అంటున్నాడు, నేను మాత్రం పెట్టె దగ్గరే ఉండిపోయాను, నా వేలు ఆగడం లేదు, ఇంకెన్ని రాశానో చూడాలి, మార్తా, సమాప్తం, ఎలిజబెత్, వివాహం, సమాప్తం, ఆన్, సమాప్తం, ఎనిమిది, పన్నెండు, పంతొమ్మిది, ప్రతి దాని కిందా అదే గీత, ఆ చేత్తోనే, లినెట్, జననం 1962, వివాహం 1986, శాఖ ఇక్కడితో సమాప్తం, నన్ను నేనే రాసుకున్నాను, ఎవరూ చెప్పలేదు, కోలిన్ ఆ రోజు చర్చి మెట్ల మీద, నీ పేరు నీకిష్టమైతే ఉంచుకో, నాకు రెండూ ఒకటే అన్నాడు కూడా, నేనే పోనీలే అని నవ్వాను, బాబాయ్ మీద తొమ్మిదేళ్లు కోపం పెట్టుకున్నాను, ఆయన ఆకు అన్నాడు, నేను సమాప్తం అన్నాను, ఆయన మాట గుడ్డ మీద ఒక్కచోటే ఉంది, నా మాట పంతొమ్మిది మంది నెత్తిన, ఇరవయ్యోది నా నెత్తిన, ఇదంతా నాకు సిగ్గుగా ఉండాలి, ఉంది కూడా, కానీ దాని కింద ఏదో ఉప్పొంగుతోంది, కిటికీ తెరిచినట్టు, పంతొమ్మిది మంది, అంటే పంతొమ్మిది దారులు, ఒక్కదాని వెంటా నేను వెళ్లి చూడలేదు, వాళ్ల పిల్లలెక్కడున్నారో, ఏ పేర్లతో ఉన్నారో, ఆ ముక్కు ఎక్కడెక్కడ తిరుగుతోందో, మ్యాపు మీద నూట పందొమ్మిది సూదులు కాదు, వెయ్యో, రెండు వేలో, నా పక్కింట్లో కూడా ఉండొచ్చు, ఆ బస్సు డ్రైవరు కూడా కావొచ్చు, అయ్యో, కాల్వర్ట్‌లు కూడా కావొచ్చు, బాబాయ్‌కి ఇది ఇప్పుడే చెప్పకూడదు, అప్పుడు టెస్సా టీ ట్రే పట్టుకుని గుంపులోంచి పక్కకి తిరిగి వస్తూ, అమ్మా, పాలు అయిపోయాయి, తాతయ్య ఇరగదీస్తున్నాడు కదా అంది, చెంపలు ఎర్రగా, జుట్టు చెదిరి, మా నాన్న ముక్కుతో, ఆ హాల్లో చొక్కాకి పేరు చీటీ లేనిది అదొక్కతే, నీ చీటీ ఏదే అంటే, నాకెందుకమ్మా, నేను టీ పోసే మనిషిని, అయినా నేను సగ్డెన్‌ని కదా అంది, మామూలుగా అంది, బాధగా కాదు, పెట్టెలో దానికి కార్డే లేదు, మూడువందల డెబ్భై మందికి రాశాను, రెండువందల ఏళ్ల కిందట పోయిన పసిపిల్లలకి కూడా రాశాను, నా కడుపున పుట్టినదానికి రాయలేదు, ట్రే కింద పెట్టు అన్నాను, ఎందుకు అంది, పెట్టవే, ఖాళీ కార్డు ఒకటి తీసుకున్నాను, టెస్సా, లినెట్ కూతురు, జననం 1991 అని రాశాను, దాని కళ్ల ముందే రాశాను, పెన్సిలు అలవాటుగా కింది వరసకి వెళ్లి ఆగింది, అక్కడ ఏమీ రాయకుండా, గీత గీయకుండా వదిలేశాను, ఆ శాఖ ఎక్కడ ఆగుతుందో రాయడం ఎప్పుడూ నా పని కాదు.